సాగర్ కాలువ తొలి నీళ్ళ వెంట

మోకాళ్ళు అరిగాయి, మెట్లు ఎక్కడం తగ్గించండి అన్నాడు డాక్టరు. మెట్లే కదా తగ్గించమన్నాడు, కాలువ గట్టు మీద మెట్లెక్కడుంటాయి అని మా ఆయనతో వాదించాను. ఆయన పేపరు కిందికి దించకుండానే, "మొండోడు రాజుకన్నా బలవంతుడంటరు. మొండిది ఎవలికన్నా బలవంతురాలో ఇంకా ఎవలూ చెప్పలే" అన్నాడు. దాన్నే ఒప్పుకోలు కింద జమ కట్టి సంచి సర్దుకున్నాను.

మాది కొత్తగూడెం. బొగ్గుబాయి ల్యాంపు రూములో పని చేసి రిటైరయ్యాను. బాయిలోకి దిగే ప్రతి మనిషికీ తలదీపం అందించడం, షిఫ్టు దిగాక తిరిగి తీసుకుని ఛార్జింగుకు పెట్టడం, ఇదే నా ఉద్యోగం. మధ్యలో ఖాళీ దొరికితే కిటికీ అవతల వేపచెట్టు మీద వాలే పిట్టల్ని చూసేదాన్ని. అలా చూసీ చూసీ ఈ పిచ్చి పట్టుకుంది. రిటైరైనప్పుడు పిల్లలు గొలుసు చేయిస్తామంటే, గొలుసు నాకెందుకు, మంచి బైనాక్యులర్ కొనివ్వండి అన్నాను. మా వాడలో ఆడవాళ్ళు ఇప్పటికీ ఆ సంగతి చెప్పుకుని నవ్వుకుంటారు. నవ్వుకోనీ.

ఈసారి నేను చూసి తీరాలనుకున్నది ఒక కొంగను. ఒళ్ళంతా నల్లగా ఉండి, మెడ ఒక్కటీ దూది చుట్టినట్టు తెల్లగా ఉండే పెద్ద కొంగ. ఫొటోల్లో తప్ప చూడలేదు. యాసంగి పంటలకు కాలువ వదిలినప్పుడు కల్లూరు, వేంసూరు వైపు పొలాల్లో దిగుతుందని ఎవరో చెప్పగా విన్నాను. శివరాత్రికి చలి శివశివా అని వెళ్ళిపోయింది. ఆ మరుసటి వారమే ఖమ్మంలో దిగాను. టౌనులో మొదలుపెట్టి సాగర్ కాలువ పట్టుకుని, ఆ కొంగ కనబడేదాకా వెళ్ళాలని నా పంతం.

ఖమ్మం: బాత్రూం పైపు మీద గోరువంక

టౌనులో ఇళ్ళన్నీ కాలువకు వీపు పెట్టి ఉంటాయి. గట్టు మీద నడిచేవాళ్ళకు కనిపించేవి నీళ్ళ ట్యాంకులు, ఆరేసిన బట్టలు, పెరటి గోడలు. నీళ్ళలో కవర్లు, కొబ్బరి చిప్పలు, దేవుడి దండలు తేలుతూ ఉంటాయి. చూస్తే మనసు చివుక్కుమంది. పిట్టలకు మాత్రం ఆ పట్టింపేమీ లేదు. నలుపూ తెలుపూ కలిసిన లకుముకి పిట్ట ఒకటి కేబుల్ వైరు మీది నుంచి నిట్టనిలువునా దూకి, రెండు కవర్ల మధ్యలోంచి చేపను ఎత్తుకుపోయింది. వంతెన పక్కన ఆకు రాల్చేసి ఎర్రగా పూసిన బూరుగు చెట్టు మీద గోరువంకల గోలకు, కింద ఆటోవాళ్ళు ఒకరి మాట ఒకరికి వినబడక అరుచుకుంటున్నారు.

ఆ గోరువంకల్లో ఒకటి గడ్డిపరక నోట కరుచుకుని ఒక డాబా గోడకున్న పైపులో దూరింది. నేను బైనాక్యులర్ ఎత్తాను. ఎత్తానో లేదో పైనుంచి కేక పడింది.

"ఏందమ్మా, మా బాత్రూం కాడ ఏం జూస్తున్నవ్?"

"పిట్టను చూస్తున్నమ్మా, గోరువంకను."

"గోరువంక మా బాత్రూంల తానం జేస్తుందా?"

గట్టు మీద వాకింగుకు వచ్చిన ఇద్దరు పెద్దమనుషులు నిలబడిపోయారు. సిగ్గుతో చచ్చినంత పనైంది, అయినా కాళ్ళు కదల్చలేదు. తప్పు చేయనప్పుడు పారిపోతే తప్పు చేసినట్టే కదా. కిందికి దిగి రమ్మన్నాను. ఆమె చేతిలో చీపురు పట్టుకునే దిగింది. బైనాక్యులర్ ఆమె కళ్ళకు పెట్టాను. గోరువంక మళ్ళీ వచ్చింది, ఈసారి నోట్లో ప్లాస్టిక్ దారం.

"ఓయమ్మో! గిదా సంగతి! ఆ పైపు నిండి నీళ్ళు పోకపోతే మా ఆయనను రోజూ తిడుతున్న" అంది. చీపురు పక్కన పడేసి నన్ను వెనక వాకిట్లోంచి లోపలికి తీసుకెళ్ళి చాయ్ ఇచ్చింది. గోరువంక పిల్లలు ఎగిరిపోయేదాకా ఆ పైపు ముట్టనని మాటిచ్చింది కానీ, మొగుణ్ణి తిట్టడం మానతానని మాత్రం చెప్పలేదు.

ఖమ్మంలో ఇడ్లీ ప్లేటు ముప్పై అయిదు రూపాయలు. మా కొత్తగూడెంలో ఇంకా తక్కువకే పెడతారు, కానీ ఇక్కడి అల్లం చట్నీ ముందు మా చట్నీ దిగదుడుపే, దాచుకోవడం దేనికి. మిరపకాయల సీజను కావడంతో లారీల వెంట ఊరంతా ఘాటు తిరుగుతోంది. ఇడ్లీ బండి దగ్గర అందరం తుమ్ముతూనే తిన్నాం. మా బొగ్గు దుమ్ము ముక్కును నల్లగా చేస్తుందే గానీ ఇంతగా ఏడిపించదు.

కల్లూరు దాటాక: ఎండు కాలువలో నిలబడితే

మర్నాడు కల్లూరు అవతల, పెద్ద కాలువ నుంచి ఒక పిల్లకాలువ చీలే చోటికి చేరాను. కాలువ అడుగు ఎండి పగుళ్ళిచ్చి ఉంది. జిట్టంగి పిట్ట ఒకటి తోక ఆడిస్తూ పురుగులేరుకుంటుంటే దాని వెనకే కాలువలోకి దిగాను.

"అక్కా, నీళ్ళొచ్చే దారిలో నిలబడ్డావు. కొంచెం పైకి రా."

గట్టు మీద ఒకావిడ. నలభై ఏళ్ళుంటాయి. చీర మీద మగవాళ్ళ చొక్కా, భుజాన పార, చేతిలో టిఫిన్ క్యారేజీ. వెనక పదిమంది దాకా మనుషులు, వాళ్ళ చేతుల్లోనూ అవే. పేరు సత్యవతి. ఊరు వేంసూరు దిక్కున, ఈ కాలువకు చిట్టచివర. వాళ్ళ తాతల కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ భూమి కొనుక్కున్నారట.

లష్కర్, అంటే కాలువ గేట్లు ఎత్తి దించే మనిషి, చక్రం తిప్పాడు. నీళ్ళు ఉరుకుతూ వస్తాయనుకున్నాను. ఎక్కడి ఉరుకు! ఎండుటాకులూ నురగా ముందు పెట్టుకుని, పగులు పగులులో దిగి, నిండాక లేచి, మనిషికన్నా మెల్లగా కదులుతున్నాయి. ఆ పగుళ్ళలోంచి కీచురాళ్ళు, జెర్రులు, తేళ్ళు, ఎలుక పిల్లలు బయటపడి పరుగు. వాటి కోసం ఎక్కడెక్కడి పిట్టలూ వచ్చి వాలాయి. తెల్లకొంగలు నీళ్ళకు అడుగు ముందు వరుసగా వెనక్కి వెనక్కి నడుస్తున్నాయి. నల్లటి ఏట్రింత పిట్టలు తీగల మీది నుంచి కిందికి ఒక దూకు, మళ్ళీ పైకి. పాలపిట్ట రెక్క విప్పితే ఆ నీలం చూసి బైనాక్యులర్ దించలేకపోయాను. ఇన్నేళ్ళ నా పిట్టల పిచ్చికి ఇదే పండగ. ఈ తొలి నీళ్ళ వెంటే పోతాను అనేశాను.

"మేమూ దాని వెంటే పోయేది. రా మరి" అంది సత్యవతి.

దారిలో సంగతి చెప్పింది. ఈ కాలువకు నీళ్ళ వంతు మర్నాడు పొద్దుటిదాకే. తర్వాత గేటు దించి ఇంకో కాలువకు వదులుతారు. ఆమె చేను మొక్కజొన్న. "కంకి పాలు పోసుకుంటోందక్కా. ఈ ఒక్క తడి అందితే గింజ, అందకపోతే బెండు. పోయిన వంతుకు నీళ్ళు మా ఊరి పొలిమేర దాకా వచ్చి ఆగిపోయినయి. ఈసారి ఆగనియ్యను." చివరి మాట పళ్ళు బిగించి అంది.

పైవాళ్ళు తూములు ఎక్కువ ఎత్తుకుంటే కిందికి చుక్క రాదు. అందుకని చివరి ఊరివాళ్ళు నీళ్ళ వెంట నడిచి, ఒక్కో తూము దగ్గర ఒక్కో మనిషి ఆగిపోతారు. ఆగినవాళ్ళు పోట్లాడరు. క్యారేజీ విప్పుతారు. ఆ తూము కింది రైతు కూడా తన అన్నం తెచ్చుకుని ఎదురుగా కూర్చుంటాడు. కలిసి తింటారు. తిన్నాక అతను తన వాటాకు మించి గేటు ఎత్తడు. చేను పూర్తిగా తడవకపోయినా సరే, వాటా అయిపోగానే దించేస్తాడు.

"తిననంటే?" అన్నాను.

"అప్పుడు పారలు లేస్తాయి. మా మామగారి నెత్తిన ఇప్పటికీ మచ్చ ఉంది, అది తినను అన్నవాడి పారదే. తినడమే నయం కదా?"

నాకు వింతగా తోచింది. మా దగ్గర నీళ్ళంటే శత్రువు. బాయిలోకి ఊరే నీళ్ళను రాత్రింబగళ్ళు మోటార్లు పెట్టి పైకి తోడి పారబోస్తారు. నీళ్ళు పెరిగాయంటే కింద మనుషులున్న ప్రతి ఇంట్లో గుండెలు గుబగుబలాడతాయి. ఆ మాట చెబితే సత్యవతి నడక ఆపేసింది. "పారబోస్తారా! ఆ నీళ్ళేవో మా కాలువకు మళ్ళియ్యరాదూ" అంది. నవ్వుతూ అనలేదు.

మనుషులు తూముకొకరు చొప్పున తగ్గుతూ వచ్చారు. ఒక తూము దగ్గర సత్యవతి భర్త ఆగిపోయాడు. పొద్దుగూకే వేళకు లింగయ్య అనే రైతు తూము దగ్గరికి మేమిద్దరమే మిగిలాం. లింగయ్య పచ్చిపులుసు, వేయించిన మిరపకాయలు తెచ్చాడు. సత్యవతిది మామిడి పిందెల పప్పు. నాకు రెండింట్లోనూ వాటా దక్కింది. మా ఇంట్లో పచ్చిపులుసులో నువ్వులపొడి వేస్తాం, ఇక్కడ వేయరు. పులుపు నేరుగా నెత్తికెక్కింది.

"కిందోళ్ళు కూర మంచిగ తెస్తరమ్మా. గందుకే నీళ్ళిస్తం, లేకుంటే ఇద్దుమా?" అన్నాడు లింగయ్య వేళ్ళు నాకుతూ.

"కూర తిని ఊరుకోక మళ్ళీ దెప్పుతున్నావా అన్నయ్యా! లే, గేటు దించు" అని సత్యవతి అతన్ని లేవగొట్టింది. అతని చేలో ఇంకా నాలుగు సాళ్ళు పొడిగానే ఉన్నాయి. ఒకసారి అటు చూసి, నిట్టూర్చి, దించాడు. మాకు పడక కూడా వాళ్ళింట్లోనే వేశారు.

గండి

పొద్దున చాయ్ తాగుతుండగానే లష్కర్ ఫోను చేశాడు. పైన గేటు దించేశారు. ఇక కాలువలో ఉన్నవే నీళ్ళు. సత్యవతి చాయ్ సగంలో వదిలేసి లేచింది. ఎడంపక్క అడవి దగ్గరకొచ్చింది, మోదుగలు నిప్పులా పూసి ఉన్నాయి. నేను చూస్తానని ఆగితే ఆమె ఆగదు. ఆమె కళ్ళన్నీ కాలువలోనే. తొలి నీళ్ళను ఆమె ఊరి పొలిమేర దగ్గర అందుకున్నాం. పోయినసారి నీళ్ళు ఆగిన చోటు చూపించి, అక్కడ మన్ను మీద కాలు గట్టిగా తొక్కి మరీ ముందుకు నడిచింది.

కాసేపటికి కొంగలు పలచబడ్డాయి. ముందు వరుసలో నడిచేవి ఒక్కొక్కటే లేచి, మా తలల మీదుగా వెనక్కి, కుడిపక్క తాటిచెట్ల అవతలికి పోతున్నాయి. నేను బైనాక్యులర్ అటు తిప్పాను. బీడు భూమి. తెల్లకొంగల గుంపు. వాటి మధ్య తలెత్తి నిలబడ్డ నల్లటి పెద్ద కొంగలు రెండు, మెడలు తెల్లగా.

దొరికావే తల్లీ, దొరికావు! అని పైకే అన్నాను. ఒకటి ముక్కు కిందికి దించి ఏదో పట్టి మింగింది. దాని కాళ్ళు తళతళ మెరుస్తున్న నీళ్ళలో ఉన్నాయి. ఎండు బీడులో నీళ్ళెక్కడివి?

"సత్యవతీ, ఆ బీడుకు నీళ్ళెవలు పెట్టిన్రు?"

"బీడుకెవరు పెడతారక్కా" అంటూనే ఆమె మొహం పాలిపోయింది. పార భుజాన వేసుకుని పరుగందుకుంది. నేనూ వెనకే.

మేం దాటొచ్చిన గట్టుకే గండి పడింది. ఎలుకలు తవ్విన బొక్కలోంచి మొదలై, మేం చేరేసరికి గుమ్మమంత అయింది. నీళ్ళు ఎర్రమట్టిని కోసుకుంటూ బీడులోకి పోతున్నాయి. సత్యవతి ఆలోచించలేదు, చీర ఎగదోపి గండిలో దిగి నీళ్ళకు వీపు అడ్డం పెట్టి కూర్చుంది. "మట్టి వెయ్యక్కా! చూస్తావేంది, వెయ్యి!"

జీవితంలో పార పట్టలేదు నేను. పట్టాను. మట్టి కొట్టుకుపోతుంటే మోదుగ కొమ్మలు విరిచి అడ్డం వేశాను. అవీ ఆగకపోతే నా సంచిలో దుప్పటి తీసి, దాన్నిండా మట్టి మూటకట్టి దొర్లించాను. అరచేతులు బొబ్బలెక్కి చిట్లాయి. ఆమె మెడదాకా బురద, పళ్ళు టకటకమంటున్నాయి, అయినా లేవదు. చివరికి నీరు ఆగి, కాలువలో మట్టం మళ్ళీ లేచింది. అప్పుడుగానీ తలెత్తి చూడలేదు. బీడులో నీళ్ళు ఇంకిపోతున్నాయి. నల్లకొంగలు రెండూ రెక్కలు చాపి అడవి మీదుగా వెళ్ళిపోతున్నాయి. బైనాక్యులర్ ఎత్తబోతే అద్దాలనిండా బురదే. చూసింది గుక్కెడు. ప్రాణం ఉసూరుమంది.

"నువ్వు చెప్పకపోతే నా చేను పోయేదక్కా" అని సత్యవతి బురద చేతులతో నా చేతులు పట్టుకుంది. ఆ మాటతో ఉసూరు కొంత తగ్గింది, అంతా తగ్గలేదు.

చివరి తూము

మధ్యాహ్నానికి నీళ్ళు ఆమె చేలోకి దిగాయి. మొక్కజొన్న ఆకులు ఎండకు చుట్టల్లా చుట్టుకుని ఉన్నాయి. సాలు వెంట సాలు తడుస్తుంటే సత్యవతి పారతో ఒక సాలు మడవ మూసి ఇంకోటి తెరుస్తూ ఆ చివర నుంచి ఈ చివరకు ఒకటే తిరుగుడు. మధ్యమధ్యలో ఒక కంకి పొట్టు ఒలిచి గింజను గోటితో నొక్కి చూస్తుంది. పాలు చింది గోరు తెల్లబడితే నావైపు చూసి నవ్వుతుంది. ఆ నవ్వు చూసి నాకూ కళ్ళు చెమర్చాయి.

చేను సగం తడిసేసరికి కాలువ సన్నగిలింది. గండిలో పోయిన నీళ్ళు ఊరికే పోలేదు మరి. అప్పుడే అడవి వైపు నుంచి ముత్తయ్య అనే ముసలి రైతు గట్టు మీదకొచ్చాడు. అతని చేను సత్యవతి చేనుకూ కింద, అడవి అంచున. అదీ మొక్కజొన్నే. తలగుడ్డ తీసి నేల మీద పరిచి, తూము పక్కన కూర్చుని, సద్దిమూట విప్పాడు.

సత్యవతి పార కింద గుచ్చి కోపంగా చూసింది. "నువ్విప్పుడే రావాలా బాబాయ్?"

"నీళ్ళు ఇప్పుడొచ్చినయి, నేనిప్పుడొచ్చిన బిడ్డా."

"నా చేను సగమే తడిసింది. అటు చూడు, కనపడట్లా?"

"కనపడుతుంది" అన్నాడు ముత్తయ్య. అన్నం, ఎండుచేపల కూర రెండు ఆకుల్లో రెండు భాగాలు చేశాడు.

నాకు ఒళ్ళు మండింది. పొద్దున గండిలో మునిగింది ఈమె, కూర్చుని నీళ్ళు పట్టుకుపోయేది ఈయనా? ఆమె దగ్గరకెళ్ళి చెవిలో అన్నాను, "ఇంతకుముందే తిన్ననని చెప్పు. కడుపులో ఖాళీ లేదను. అబద్ధమాడితే ఏమైతది?"

ఆమె నావైపు చూసిన చూపుకు పక్కకు తప్పుకున్నాను. తడవని సగం వైపు చాలాసేపు చూసింది. చేతులు కడుక్కుంది. వచ్చి ముత్తయ్య ఎదురుగా కూర్చుని ఆకు ముందుకు లాక్కుంది. ముద్ద పెట్టుకుంటుంటే కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోలేదు. "ఉప్పెక్కువైంది. పిన్ని కూర ఎప్పుడూ ఇంతే" అని మాత్రం తిట్టింది. ముత్తయ్య తల ఊపాడు. ఆకు మడిచి లేచింది, తూము దగ్గరికి నడిచి తన చేత్తోనే గేటు పలక దించింది. మిగిలిన నీళ్ళు అడవి వైపు సాగాయి.

మర్నాడు పొద్దున్నే నేను బయలుదేరదామని లేచేసరికి ఆమె చేలో ఉంది. తడిసిన సగం ఆకులు విప్పుకుని నిలబడింది. తడవని సగాన్ని పచ్చిగా ఉండగానే పశువులకు మేతగా కోసేస్తోంది. "ఎండాక కోస్తే గొడ్డు కూడా ముట్టదక్కా. మళ్ళీ వంతు దాకా ఇది ఉండదు" అంది. సాలు తర్వాత సాలు, పాలు నిండని కంకులతో సహా, కోసి పడేస్తోంది.

ఊరుకోలేకపోయాను. "ముత్తయ్య రాకపోతే ఇందులో ఇంకొంచెం తడిసేది గద చెల్లె."

"తడిసేది."

"మరి?"

ఆమె నడుం ఎత్తింది. "పైన ఎంతమంది ఎదురుగా కూర్చుని తిన్నామక్కా మేము? వాళ్ళ చేలన్నీ తడిసినాకే తిన్నారా ఏంది మాతో?"

గట్టు మీద ఇంకో కొడవలి ఉంది. తీసుకుని ఆమె పక్క సాలు పట్టాను.